కాళి నదిలో ఈరోజు నీళ్ళెన్ని?

కర్ణాటకలోని గణేశగుడి రేవులో ఉదయం ఎనిమిదిన్నరకు మేము చూసిన కాళి నదిని దాటడానికి పడవ అక్కర్లేదు, ప్యాంటు మడుచుకుని నడిచిపోవచ్చు అనిపించింది. నల్లటి బండలు, వాటి నడుమ సన్నటి పాయలు, అక్కడక్కడా గుంటల్లో నిలిచిన నీరు. హైదరాబాదు నుంచి హుబ్బళ్ళి దాకా రాత్రంతా బస్సులో, అక్కడి నుంచి జీపులో ఒళ్ళు హూనం చేసుకుని వచ్చిన మా తమ్ముడు జేబులోంచి రాఫ్టింగ్ (గాలి నింపిన రబ్బరు పడవలో ఉరవడి నీటి మీద ప్రయాణం) రసీదు తీసి చూసుకున్నాడు. "అన్నయ్యా, ఇందులో మూడో గ్రేడు అని రాశారు. ఇదేమో పంటకాలువలా ఉంది."

గైడుకు తెలుగు రాదు గాని మావాడి ముఖం చదవడానికి భాషతో పనిలేదు. నవ్వి, ఒడ్డున ఒక బండ చూపించాడు. బండ మీద మూరెడు ఎత్తులో ఒక గీత. గీతకు పైన రాయి బూడిద రంగు, కింద నాచు పట్టిన ముదురాకుపచ్చ. నీళ్ళు అక్కడికి వచ్చాక బయలుదేరుతామన్నాడు. ఎప్పుడొస్తాయని అడిగితే పెదవి విరిచి, ఎగువన సూపా ఆనకట్ట వైపు చేయి చూపాడు.

మేము చెప్పులు ఒక బండ మీద వదిలి, ఇంకాస్త లోపలికి వెళ్ళి ఫొటోలు తీసుకున్నాం. పది దాటాక నీళ్ళొచ్చాయి. వరద అంటే హోరు వినిపిస్తుందనుకుంటాం. ఇక్కడ ఏ చప్పుడూ లేదు. పక్కపక్కన పారుతున్న రెండు పాయలు ఒకటయ్యాయి, అంతే. గైడు గట్టిగా కేకేస్తే వెనక్కి చూశాం. మేము చెప్పులు పెట్టిన బండ కనబడలేదు. అరగంటలో ఆ పంటకాలువ అటొడ్డు నుంచి ఇటొడ్డు దాకా తెల్లగా నురగలు కక్కే నది అయి కూర్చుంది.

రసీదు మీద ఉన్న "మూడో గ్రేడు" సగం నిజం అని నాకు అర్థమైంది అప్పుడే. గ్రేడు అంటే నది ఎంత కఠినమో చెప్పే అంకె. నదికి శాశ్వతమైన గ్రేడు ఉండదు. ఫలానా నీటిమట్టంలో, ఫలానా గంటలో ఉంటుంది. రాఫ్టింగ్‌కు వెళ్ళేవాళ్ళు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎన్నో గ్రేడు" అన్నది కాదు. ఈరోజు నీళ్ళెన్ని, ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎవరు వదులుతున్నారు అన్నవి. ఈ మూడింటి చిక్కుముడి విప్పడానికే ఇదంతా.

లక్షల క్యూసెక్కులున్నా నురగ లేదు

తెలుగువాళ్ళకు నీటి లెక్కలు కొత్త కాదు. జులై వచ్చిందంటే పేపర్లో ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో చూడకుండా కాఫీ దిగదు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28 లీటర్లు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. 1986 ఆగస్టులో గోదావరి మహోగ్రరూపం దాల్చినప్పుడు ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది.

అదే కొలత పట్టుకుని అమెరికాకు వెళ్దాం. వెస్ట్ వర్జీనియా అడవుల్లో గాలీ అనే నది ఉంది. ప్రపంచంలో రాఫ్టింగ్ చేసేవాళ్ళందరికీ ఆ పేరు చెబితే కాస్త గుండె దడ. దాని ఎగువ భాగంలో ఐదో గ్రేడు ర్యాపిడ్లు, అంటే నీరు ఉరవడిగా నురగలు కక్కే చోట్లు, ఉన్నాయి. శరదృతువులో సమ్మర్స్‌విల్ ఆనకట్ట నుంచి దానికి వదిలే నీరు మామూలుగా 2,800 క్యూసెక్కులు. మన డెల్టా రైతు ఆ అంకె వింటే కాలువకు వదిలిన నీరా అని అడుగుతాడు.

35 లక్షల క్యూసెక్కుల గోదావరి ధవళేశ్వరం దగ్గర ఊళ్ళను ముంచుతుంది గాని ర్యాపిడ్లు పుట్టించదు. మైళ్ళ వెడల్పున, చాలా తక్కువ వాలులో పోతుంది కాబట్టి. 2,800 క్యూసెక్కుల గాలీ మనిషిని బొంగరంలా తిప్పుతుంది, ఇరుకు లోయలో నిట్టనిలువు వాలులో ఇంటింత బండల మధ్య పడుతుంది కాబట్టి. నీటి పరిమాణం, నేల వాలు, దారి ఇరుకు, అడ్డం వచ్చే రాళ్ళు, ఈ నాలుగూ కలిస్తేనే ర్యాపిడ్. మొదటి మూడింటినీ కొలిచి రాసుకోవచ్చు. నాలుగోదానితోనే అసలు తంటా. రాయి కదలకపోయినా, దాని మీద నీళ్ళు మారేకొద్దీ అది వేరే రాయి అవుతుంది.

ఒకే బండ, నాలుగు అవతారాలు

ముందు ఇంట్లో సింకు దగ్గరికి వెళ్ళండి. కుళాయి తిప్పి, ధార పడే చోటు చూడండి. ధార చుట్టూ నీరు పలచగా, అద్దంలా, వేగంగా గుండ్రంగా పరుచుకుంటుంది. కొంత దూరం పోయాక ఒక్కసారిగా గట్టు కట్టినట్టు లేచి మందంగా, నెమ్మదిగా అవుతుంది. ఆ గట్టునే ఇంజినీర్లు హైడ్రాలిక్ జంప్ అంటారు. నదిలో మనం కేరింతలు కొట్టే తెల్లటి నురగంతా ఆ సింకు గట్టుకు పెద్దన్నే.

ఎందుకలా లేస్తుంది? నీటి మీద ఒక అల ఎంత వేగంగా పోగలదన్నది లోతును బట్టి ఉంటుంది. అర మీటరు లోతులో సెకనుకు 2.2 మీటర్లు, రెండు మీటర్ల లోతులో 4.4 మీటర్లు. నీరు తన అలకన్నా వేగంగా పరుగెత్తితే, ముందు ఏముందో వెనక నీటికి కబురు అందదు. వాలు తగ్గే చోటికి వచ్చి, ఎదురుగా నిదానంగా పోతున్న నీటికి గుద్దుకున్నాకే తెలుస్తుంది. అప్పుడు దానికి పైకి లేవడం తప్ప దారిలేదు. అలా లేచి, మీద నుంచి వెనక్కి విరుచుకు పడుతుంది. నురగ అదే.

ఇప్పుడు కాళి నది నడుమ ఆటో అంత బండ ఒకటి ఉందనుకోండి. నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడు అది బండే. రాఫ్ట్ పక్క నుంచి పోవాలి. బండ వెనక నీరు నిలిచి, ఎగువకు తిరుగుతూ ఉంటుంది. దాన్ని గైడ్లు ఎడ్డీ అంటారు. ఎడ్డీ అంటే నదిలో చలివేంద్రం లాంటిది. రాఫ్ట్‌ను అందులోకి తిప్పి నిలబెట్టి, ఊపిరి తీసుకుని, కిందేముందో చూసుకోవచ్చు.

నీళ్ళు పెరిగి బండ మీదుగా జానెడు మందాన పారడం మొదలైతే కథ మారుతుంది. బండ దాటగానే నీరు నిలువునా దిగి, అడుగుకు తగిలి లేచి, వెనక్కి తిరిగి బండ వైపే పడుతుంది. దీన్ని హోల్ అంటారు. పైపొర నీరు ఎగువకు ప్రవహిస్తుంది కాబట్టి అందులో పడ్డ చెక్క ముక్క, తెడ్డు, మనిషి, ఏదైనా బయటికి పోకుండా అక్కడే గిరగిరా తిరుగుతుంది. ఎగువ నుంచి వచ్చేవాళ్ళకు హోల్ సరిగ్గా కనిపించదు కూడా. నున్నటి నీటిగుబ్బ ఒకటి, దాని వెనక ఏమీ లేనట్టు ఒక గీత, అంతే. గైడు వెనక అంచు మీద నిలబడి మెడ చాచి చూసేది ఆ గీత కోసమే.

నీళ్ళు ఇంకా పెరిగితే హోల్ నిండిపోయి, వెనక్కి విరగని పెద్ద అల అవుతుంది. కెరటం మీదికెక్కి దిగడం, సరదా అంతా ఇక్కడే. మరీ పెరిగితే అల కూడా చదునైపోయి, కింద బండ ఉందన్న ఆనవాలే పోతుంది. అంటే నీళ్ళు పెరిగితే ప్రమాదం పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది అన్న లెక్క తప్పు. ఒక బండ 1,000 క్యూసెక్కుల దగ్గర నిరపాయం, 2,000 దగ్గర మృత్యువు, 3,000 దగ్గర ఉయ్యాల కావచ్చు. అదే నీటికి పక్క బండ కథ దీనికి తలకిందులుగా ఉండవచ్చు. అంకెలు ఉదాహరణకే రాశాను, బండబండకీ అవి వేరు. నదిని బట్టీ పట్టలేరు, రోజూ మళ్ళీ చదవాలి అని గైడ్లు అనేది ఇందుకే.

ఇక్కడ ఒక మాట, రాఫ్టింగ్‌తో సంబంధం లేనివాళ్ళకు కూడా. సహజమైన హోల్‌కు అటో ఇటో ఒక సందు ఉంటుంది, పక్కకు ఈదితే బయటపడే అవకాశం ఉంది. మనుషులు కట్టిన చెక్‌డ్యాముకు ఆ సందు ఉండదు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒకే ఎత్తు, ఒకే తిరుగుడు. చూడటానికి రెండు మూడు అడుగుల ఎత్తు నుంచి ముచ్చటగా జారుతున్న తెల్లటి తెర. వానాకాలంలో మన ఊళ్ళలో పిల్లలు స్నానాలకు దిగేది దాని కిందే. పైగా నురగ అంటే సగం గాలి. గాలి కలిసిన నీరు మనిషిని తేల్చదు, ఈతగాడి చేతికి పట్టు దొరకదు. నాలుగో గ్రేడు ర్యాపిడ్‌కన్నా వరదలో ఉన్న చెక్‌డ్యాముకు నేను ఎక్కువ భయపడతాను.

ఎడ్డీ కూడా అన్ని చోట్లా చలివేంద్రం కాదు. పెద్ద నది కొండల మధ్య ఇరుకులో పడి, ఒక బండ కొసకు తగిలి మళ్ళినప్పుడు, కిందికి పోయే నీటికీ ఎగువకు తిరిగే నీటికీ నడుమ సుడులు పుడతాయి. పాపికొండల దగ్గర కచ్చులూరు మలుపు అలాంటిదే. 2019 సెప్టెంబరు 15న ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద ఉన్న గోదావరిలో పర్యాటకుల పడవ మునిగింది అక్కడే.

గ్రేడు అనే అంకె

ఒకటి నుంచి ఆరు వరకు ఉండే ఈ కొలమానాన్ని కయాకర్లు, పడవ నడిపేవాళ్ళు తమలో తాము మాట్లాడుకోవడానికి చేసుకున్నారు. ఒకటి అంటే చిరు అలలు. మూడు అంటే తప్పించుకోవడం కష్టమైన అలలు, ఇరుకు దారుల్లో చురుకైన మలుపులు. ఐదు అంటే నిపుణులకు మాత్రమే. ఆరు అంటే ప్రాణం మీద తీపి ఉన్నవాడు దిగేది కాదు. నీరు బాగా చల్లగా ఉన్నా, సాయం అందని మారుమూల అడవి అయినా, ఒక గ్రేడు పెంచి లెక్కించమని దానితో వచ్చిన సూచనల్లోనే ఉంది.

అది పడవ నడిపేవాడి నైపుణ్యానికి కొలత. డబ్బు కట్టి కూర్చున్నవాడి ధైర్యానికి కాదు. ఆ నైపుణ్యం మన రాఫ్ట్‌లో ఒక్కడికే ఉంటుంది, వెనక కూర్చున్న గైడుకు. కరపత్రంలో అచ్చయ్యే అంకె ఎప్పుడూ నదికి మంచి నీళ్ళున్న రోజుది. పెళ్ళిచూపుల ఫొటోలాగా అన్నమాట.

కరెంటు గడియారం

కాళి నది ఉత్తర కన్నడ జిల్లాలో డిగ్గి అనే కొండపల్లె దగ్గర పుట్టి 184 కిలోమీటర్లు పారి కార్వార్ దగ్గర అరేబియా సముద్రంలో కలుస్తుంది. రెండు వందల కిలోమీటర్లు కూడా లేని నది. దాని మీద కర్ణాటక కట్టుకున్న విద్యుత్ కేంద్రాల వరుస చూస్తే చెరకు గడను నాలుగుసార్లు గానుగలో తిప్పడం గుర్తొస్తుంది. మొట్టమొదట 101 మీటర్ల ఎత్తున సూపా ఆనకట్ట, దాని కింద 100 మెగావాట్ల కేంద్రం. తర్వాత బొమ్మనహళ్ళి జలాశయం నుంచి నీరు తీసుకునే నాగ్‌ఝరి, 800 మెగావాట్లకు పైగా. ఆపైన కొడసళ్ళి 120, కద్రా 150. కద్రా ఒడ్డునే కైగా అణు విద్యుత్ కేంద్రం. సూపా జలాశయంలో పట్టే నీరు 147 టీఎంసీలు. అంటే ఇప్పటి శ్రీరాంసాగర్ నిల్వ సామర్థ్యంకన్నా చాలా ఎక్కువ. పాత సూపా ఊరు ఆ నీటి అడుగునే ఉంది. తాలూకాకు పేరు కూడా మారి జోయిడా అయింది.

రాఫ్టింగ్ జరిగే ముక్క సూపా కింద గణేశగుడి నుంచి దండేలి వైపు పోయే దారిలో ఉంది. ఆ ముక్కలో నీరు ఉండాలంటే సూపాలో టర్బైన్లు తిరగాలి. టర్బైన్లు తిరగాలంటే రాష్ట్రంలో కరెంటు కావాలి, లేదా దిగువన నాగ్‌ఝరికి నీళ్ళు కావాలి. బొగ్గు కేంద్రాన్ని చల్లారిపోయాక మళ్ళీ వెలిగించి పట్టాలెక్కించడానికి గంటలు పడుతుంది. జల విద్యుత్ యంత్రం నిమిషాల్లో అందుకుంటుంది. అందుకే ఉదయం గీజర్లు, సాయంత్రం దీపాలు, ఎండాకాలం పంపుసెట్లు, ఏసీలు ఒక్కసారిగా నెత్తిన పడ్డప్పుడు గ్రిడ్డు మొదట చేయిచాచేది నీటి వైపే. బెంగళూరులో, ఏ కేంద్రం ఎప్పుడు ఎంత కరెంటు ఇవ్వాలో చెప్పే లోడ్ డిస్పాచ్ కేంద్రంలో ఒక ఇంజినీరు తెర మీద గీతలు చూసి ఫోను ఎత్తుతాడు. కాసేపటికి అడవిలో మా చెప్పులు కొట్టుకుపోతాయి.

ఈ ఏర్పాటు నది కాలెండరును తిరగేసింది. ఆనకట్ట లేని నది వానలో పొంగి, ఎండాకాలంలో ఎండుతుంది. కొడగు దక్షిణాన బ్రహ్మగిరి అడవుల్లో పారే బరపొళె అలాంటిదే. అక్కడ రాఫ్టింగ్ జూన్ నుంచి సెప్టెంబరు దాకా, వానలున్నన్నాళ్ళే. కాళిలో సరిగ్గా ఆ నెలల్లో రాఫ్టింగ్ ఆపేస్తారు. ఏప్రిల్, మేలో, దేశమంతా వాగులు ఇసుక తేలినప్పుడు, ఇక్కడ నురగలు. వానను నమ్ముకున్న నది మీద మేఘం చూసి అంచనా వేయవచ్చు. కరెంటును నమ్ముకున్న నది మీద ఆకాశం చూసి లాభం లేదు. ఇంకో విచిత్రం కూడా ఉంది. ఆదివారం కార్యాలయాలు, చాలా కర్మాగారాలు మూతపడటంతో సాధారణంగా కరెంటు వాడకం తగ్గుతుంది. పర్యాటకులందరూ వచ్చేది ఆదివారమే.

దీనికి మూల్యం చెల్లించేది చేపలు. ఒడ్డు వార లోతు తక్కువ నీటిలో పెట్టిన గుడ్లు మధ్యాహ్నానికి ఎండలో ఉంటాయి. నదికి పగలూ రాత్రీ కాకుండా మూడో కాలం ఒకటి నేర్పాం మనం.

అడవి వల్ల వచ్చే చిక్కు

అడవి నది అంటే మనకు నీడ, పక్షులు, నిశ్శబ్దం. కాళి పులుల అభయారణ్యం ఈ నది పేరే పెట్టుకుంది. ఒడ్డు కొమ్మల మీద పెద్ద ముక్కు హార్న్‌బిల్ పక్షి వాలితే మా రాఫ్ట్‌లో అందరూ తెడ్లు వదిలి పైకి చూశారు. గైడు విసుక్కున్నాడు. మొసళ్ళ సంగతి అడిగితే, అవి దండేలి ఊరి దగ్గర నిదానపు నీటిలో ఉంటాయి, ఈ ఉరవడిలో వాటికేం పని అన్నాడు. అతని భయం వేరే ఉంది, చెట్టు.

నదికి అడ్డంగా పడిన చెట్టు, లేదా నీటిలో మునిగిన వెదురు పొద, జల్లెడలా పనిచేస్తుంది. నీరు కొమ్మల సందుల్లోంచి పోతుంది, మనిషి పోలేడు. బండకు తగిలిన నీరు పక్కకు మళ్ళుతుంది కాబట్టి తనతో పాటు మనల్నీ మళ్ళిస్తుంది. చెట్టు దగ్గర నీరు మళ్ళదు, నేరుగా లోపలికి లాగుతుంది. బండ ఎక్కడుందో గైడుకు పదేళ్ళుగా తెలుసు. చెట్టు నిన్న రాత్రి పడి ఉండవచ్చు. పైగా ఆనకట్ట కింద నదిలో పెద్ద వరదలు రావడం తగ్గిపోయాక, నది మధ్య దిబ్బల మీద పొదలు, చెట్లు నిలదొక్కుకుంటాయి. అంతకుముందైతే ఏటా వరద వాటిని ఊడ్చేసేది. నీళ్ళు వదిలినప్పుడు ఆ దిబ్బలు సగం మునిగి, ప్రతి పొదా ఒక జల్లెడ అవుతుంది.

నీటి బలం గురించి మన అంచనా ఎప్పుడూ తక్కువే. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. సెకనుకు మీటరున్నర వేగంలో నడుము లోతున నిలబడ్డ మనిషిని నీరు సుమారు 35 కిలోల బలంతో తోస్తుంది. మూడు మీటర్ల వేగంలో 140 కిలోలకు దగ్గర. అడ్డం తిరిగి బండకు ఆనుకున్న రాఫ్ట్ మీద దాదాపు టన్ను. ఈ లెక్క తెలిస్తే గైడు ఒడ్డున పదిసార్లు చెప్పిన ఒక నియమం అర్థమవుతుంది. నీటిలో పడితే లేచి నిలబడవద్దు, మోకాలి లోతే ఉన్నా సరే. కాలు రెండు రాళ్ళ సందులో ఇరుక్కుంటే వెనక నుంచి నీరు మనిషిని ముందుకు వంచి ముఖాన్ని ముంచుతుంది. ఆ బలానికి ఎదురు లేవడం పహిల్వానుకూ సాధ్యం కాదు. వెల్లకిలా పడుకుని, కాళ్ళు దిగువ వైపు పైకి తేల్చి పోవాలి, బండ వస్తే పాదాలతో తన్నుకోవాలి. ఒక్క చెట్టు ఎదురైతేనే ఇది తిరగబడుతుంది. అప్పుడు బోర్లా తిరిగి, తలను ముందు పెట్టి, దాని మీదికి ఎక్కేటట్టు ఈదాలి.

తెడ్డు ఎందుకు ఆపకూడదు

మా గైడు బయలుదేరే ముందు ఒక్కొక్కరి లైఫ్ జాకెట్‌ను భుజాల దగ్గర పట్టుకుని పైకి గుంజాడు. మా తమ్ముడి జాకెట్ చెవుల దాకా లేచింది. పట్టీలు ఊపిరాడనంతగా బిగించాడు. వదులు జాకెట్ నీటిలో మనిషిని కాదు, తనను తాను తేల్చుకుంటుంది. మామూలు జాకెట్ ఇచ్చే ఎత్తుబలం ఐదు కిలోల చిల్లర. నీటిలో మనిషి బరువు అంతకన్నా తక్కువే కాబట్టి నిలకడ నీటిలో అది చాలు. నురగలో చాలదు. అందుకే ర్యాపిడ్ల జాకెట్లు దిట్టంగా ఉంటాయి, హెల్మెట్ వేరే.

హోల్ ఎదురైనప్పుడు కొత్తవాళ్ళు చేసే పని ఒకటే, తెడ్డు పైకెత్తి కెవ్వుమనడం. సరిగ్గా చేయకూడని పని. తెడ్లు ఆగితే రాఫ్ట్ వేగం నీటి వేగానికి పడిపోతుంది, వెనక్కి తిరిగే నీరు దాన్ని పట్టి ఉంచేస్తుంది. నేరుగా, నీటికన్నా వేగంగా గుద్దితేనే అవతలికి పోతుంది. పైగా నీటిలో దిగిన తెడ్డు చేతికర్రలా ఆసరా ఇస్తుంది. నేను చూసినంతలో రాఫ్ట్‌లోంచి మొదట ఎగిరిపడేది తెడ్డు గాలిలో ఉన్నవాడే.

ఇంతకన్నా మనసుకు ఎక్కని ఆజ్ఞ ఇంకొకటి. రాఫ్ట్ అడ్డం తిరిగి బండ మీదికి పోతున్నప్పుడు గైడు అందరినీ బండ వైపే దూకమంటాడు. మన ఒళ్ళేమో బండకు దూరంగా, ఎగువ వైపు ఒరుగుతుంది. అలా ఒరిగితే ఎగువ అంచు మునిగి, నీరు లోపలికి దూరి, టన్ను బలంతో రాఫ్ట్‌ను బండకు చుట్టేస్తుంది, చపాతీని పెనానికి అద్దినట్టు. బండను కౌగిలించుకుంటే ఎగువ అంచు లేచి, నీరు కింద నుంచి జారిపోతుంది. ఒడ్డున మేము దీన్ని మూడుసార్లు సాధన చేశాం. నది మీద ఒక్కసారి అవసరమైంది, ఎనిమిది మందిలో ఐదుగురం తప్పు వైపే వాలాం. గైడు ఒక్క తెడ్డుతో ఎలా తప్పించాడో ఇప్పటికీ తెలియదు. అరుపులు మాత్రం గుర్తున్నాయి. ఎనిమిది మంది పట్టే రాఫ్ట్‌లో పన్నెండు మందిని ఎక్కిస్తే ఈ చదరంగం ఆడటానికి చోటే ఉండదు. ఎక్కించే చోట ఎక్కకపోవడం మంచిది, డబ్బు పోయినా.

నీళ్ళ సంగతి చెప్పాల్సింది ఎవరు

2014 జూన్ 8 సాయంత్రం హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లా, తలౌట్ దగ్గర బియాస్ నదిలో ఏం జరిగిందో తెలుగువాళ్ళు మరిచిపోలేరు. హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్ళిన ఇంజినీరింగ్ విద్యార్థులు నీళ్ళు తక్కువగా ఉన్న నదిలో బండలెక్కి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జి ఆనకట్ట గేట్లు ఎత్తారు. 24 మంది పిల్లలు కొట్టుకుపోయారు. హెచ్చరికల లోపం మీద హైకోర్టు దాకా విచారణ నడిచింది. ఆ పిల్లలు అజాగ్రత్తగా ఉన్నారని అప్పట్లో అన్నవాళ్ళున్నారు. ఆ ఉదయం గణేశగుడిలో చెప్పులు విడిచి బండలెక్కిన నేను, నలభై దాటినవాణ్ణి, వాళ్ళు చేసినదే చేశాను. ఆనకట్ట కింద ఎండిన బండలు నీళ్ళు లేని నదిని చూపించవు, ఆగి ఉన్న నదిని చూపిస్తాయి. ఆ తేడా చూపుకు అందదు. ఎవరైనా చెప్పాలి.

గాలీ నది దగ్గర చెబుతారు. 1986లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టంతో సమ్మర్స్‌విల్ ఆనకట్ట బాధ్యతల్లో రాఫ్టింగ్‌కు నీళ్ళు వదలడం కూడా చేరింది. సెప్టెంబరు, అక్టోబరు వారాంతాల్లో ఏ రోజు ఎన్ని నీళ్ళు వదిలేదీ ముందే ప్రకటిస్తారు. వెస్ట్ వర్జీనియాకు కారేసుకుని వెళ్ళే మన పిల్లలు ఇంట్లో కూర్చుని ఫోనులో క్యూసెక్కులు చూసుకుని, ఈవారం వద్దు వచ్చేవారం అనుకోగలరు. మన దగ్గర ప్రతి పెద్ద జలాశయం ఔట్‌ఫ్లో లెక్కా ఏదో ఒక కార్యాలయంలో గంటగంటకూ రాస్తూనే ఉంటారు. ఆ పుస్తకంలోని ఒక్క వరుసను రేవులో బోర్డు మీద సుద్దతో రాయడానికి చట్టం కూడా అక్కర్లేదు. ఒక సైరను, ఒక సుద్దముక్క చాలు.

మధ్యాహ్నం మూడున్నరకు జీపు మమ్మల్ని సంచుల కోసం మళ్ళీ రేవుకు తీసుకొచ్చింది. వచ్చే దారిలో, మమ్మల్ని ఎత్తి కుదేసిన హోల్ ఏదో చూపించమని గైడును అడిగాం. చెట్ల సందులోంచి చూపించాడు. అక్కడ ఏ నురగా లేదు. ఒక నల్లటి బండ, దాని మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకి.

రేవులో మా చెప్పుల బండ తిరిగి బయటపడింది, చెప్పులు లేకుండా. మా తమ్ముడు ఏ సందులోనైనా ఇరుక్కున్నాయేమో చూస్తానని నదిలోకి నాలుగడుగులు వేశాడు. గైడు జీపు దిగకుండానే కేకేశాడు. "సార్, పైకి రండి. సాయంత్రం మళ్ళీ వదులుతారు."

ఎన్ని గంటలకు అని అడిగాను. అతను బండ మీది గీత వైపు చూశాడు.